నైన్ ఇంచ్ నెయిల్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు ఇది ఇండస్ట్రియలేనా?

#1 సందేహాలసంచి · శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

'ఓల్డ్ టౌన్ రోడ్' పాటలో మొదటి నుంచీ తిరిగే ఆ బాంజో ముక్క ఒక ఇండస్ట్రియల్ రాక్ బ్యాండ్‌దని ఈమధ్యే తెలిసింది. నమ్మలేదు. వెతికితే నిజమే, నైన్ ఇంచ్ నెయిల్స్ 2008లో వదిలిన 'గోస్ట్స్' నుంచి తీసుకున్నది. అక్కడి నుంచి వెనక్కి వెళ్దామంటే ఎటు చూసినా రికార్డులే. పైగా ప్రతిదానికీ 'హాలో' అని ఒక నంబరు. తల తిరిగింది.

రెండు ప్రశ్నలు. ఒకటి, దేనితో మొదలుపెట్టాలి? రెండు, వాళ్ళ మొదటి రికార్డు 'ప్రెటీ హేట్ మెషీన్' 1989ది వినాలా, 2010 రీమాస్టర్ వినాలా? మా రూమ్మేట్ అయితే "అది ఇండస్ట్రియలే కాదు, ఏడుపుగొట్టు సింత్ పాప్" అని తేల్చేశాడు. అది మూడో ప్రశ్న అనుకోండి.

#2 కాసెట్‌కాలం · శనివారం, రాత్రి 11:15

తమ్ముడూ, 'ది డౌన్‌వర్డ్ స్పైరల్' (1994). ఇంకేం ఆలోచించకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ బోర్లా పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఒకే సిట్టింగ్‌లో విను. 'హర్ట్' ఒక్కటే విని ఊరుకునేవాళ్ళని చూస్తే పెళ్ళికి వెళ్ళి తాంబూలం మాత్రం తీసుకుని వచ్చినట్టుంటుంది నాకు.

మొదటి పాటలో మొదట వినిపించేది పాట కాదు, దెబ్బలు. ఎవరినో కొడుతున్న చప్పుడు. 'టీహెచ్‌ఎక్స్ 1138' సినిమాలోంచి తీసుకున్నారు. మెల్లగా మొదలై వేగం పెరుగుతూ పోయి, సరిగ్గా అక్కడే గోడ విరిగి మీద పడ్డట్టు బ్యాండ్ దిగుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు స్పీకరు పోయిందనుకుని వెనక వైర్లు కదిపాను. ఒట్టు.

రీమాస్టర్ సంగతి తర్వాత చెప్తా, నిద్రొస్తోంది.

#3 తుప్పురేకు · ఆదివారం, ఉదయం 7:05

మీ రూమ్మేట్‌కి నా నమస్కారం చెప్పండి. సగం కరెక్టు.

'ఇండస్ట్రియల్' అనే పేరు గిటార్ల మోత నుంచి రాలేదు. 1976లో లండన్‌లో త్రాబింగ్ గ్రిజిల్ వాళ్ళు సొంతంగా పెట్టుకున్న లేబుల్ పేరు ఇండస్ట్రియల్ రికార్డ్స్. "ఇండస్ట్రియల్ మనుషుల కోసం ఇండస్ట్రియల్ సంగీతం" అన్న వాళ్ళ నినాదం మాంటీ కజాజా అనే అమెరికన్ కళాకారుడు ఇచ్చింది. హాక్నీలో ఒక ఫ్యాక్టరీ భవనం అడుగున స్టూడియో, దాని పేరు 'డెత్ ఫ్యాక్టరీ'. జెనెసిస్ పి-ఆరిడ్జ్, కోసీ ఫానీ టుట్టీ, పీటర్ క్రిస్టఫర్సన్, క్రిస్ కార్టర్. నలుగురిలో ఎవరూ 'వాద్యకారులు' కాదు. కార్టర్ సొంతంగా సర్క్యూట్లు కట్టేవాడు. గిటార్‌ని, గొంతుని పిప్పి చేయడానికి అతను కట్టుకున్న డబ్బాకి గ్రిజిలైజర్ అని పేరు. మొదటి ఎల్పీ 1977లో, దాని పేరు 'ది సెకండ్ యాన్యువల్ రిపోర్ట్'. కంపెనీ లెక్కల పుస్తకంలా ఉండాలనే ఆ పేరు. సంగీత వ్యాపారాన్ని వెక్కిరించడమే వాళ్ళ పని.

ఆ తర్వాత బెర్లిన్. ఐన్‌స్టుర్జెండే నోయ్‌బౌటెన్, 1980. పేరుకి అర్థం 'కూలిపోతున్న కొత్త భవనాలు'. ఎన్.యు. ఉన్‌రూ తన డ్రమ్ కిట్ అమ్మేసుకుని తుక్కు ఇనుముతో వాయిద్యాలు చేసుకున్నాడు. ఒక హైవే వంతెన లోపలి బోలులోకి దూరి రికార్డింగ్ చేసుకొచ్చారు. 1984 జనవరి 3న లండన్‌లో ఐసీఏ అనే కళాకేంద్రంలో సిమెంట్ మిక్సర్, జాక్‌హామర్లు, రంపాలతో కచేరీ పెట్టి స్టేజీ నేలనే తవ్వబోతే నిర్వాహకులు ఆపించారు. అదీ ఇండస్ట్రియల్ అంటే.

దాని పక్కన "నువ్వు నన్ను వదిలేశావు" అని పాడుకునే 'ప్రెటీ హేట్ మెషీన్' పెట్టి ఇదీ అదే అంటే ఎలా సార్?

#4 కాసెట్‌కాలం · ఆదివారం, ఉదయం 8:20

మొదలుపెట్టాడండీ మహానుభావుడు. ఏడాదికోసారి ఈ ఫోరంలో ఇదే గొడవ.

#5 లూప్‌లక్ష్మి · ఆదివారం, ఉదయం 11:30

తుప్పురేకు గారూ, చరిత్ర అంతా ఒప్పుకుంటాను. ఒక్క మెలిక మర్చిపోయారు. ఆ క్రిస్టఫర్సనే 1993లో నైన్ ఇంచ్ నెయిల్స్ 'బ్రోకెన్' రికార్డుకి పొట్టి సినిమా తీసింది. అతని తర్వాతి బ్యాండ్ కాయిల్, వాళ్ళ 'క్లోజర్' పాటకి రీమిక్స్ చేసింది. మీ పూజారే వచ్చి ఆ ఇంట్లో పూజ చేసి వెళ్ళాడు, మీరు మాత్రం గుమ్మం బయట నిలబడి మడి అంటున్నారు.

అసలు మారింది సిద్ధాంతం కాదు, డబ్బా. గ్రిజిల్ వాళ్ళ దగ్గర క్రిస్టఫర్సన్ కీబోర్డు మీటలకి కాసెట్ ప్లేయర్లు తగిలించి, మీట నొక్కితే టేపు మోగేలా పెట్టుకున్నాడు. సాంప్లర్‌కి అది తాతయ్య. అసలు సాంప్లర్లు వచ్చిన కొత్తల్లో అవి ఇల్లు అమ్ముకుని కొనాల్సిన సరుకు. 1980ల నడిమికి ఎన్సోనిక్ మిరాజ్ 1,695 డాలర్లకి వచ్చింది, ఆ వెనకే ఈ-మ్యూ ఈమాక్స్. నైన్ ఇంచ్ నెయిల్స్ నడిపే ట్రెంట్ రెజ్నర్ మొదటి రికార్డు ఆ ఈమాక్స్ మీద, ఒక మ్యాక్ ప్లస్ కంప్యూటర్ మీద తయారైందే. 12 బిట్లు, 512 కిలోబైట్ల మెమరీ. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ పట్టదు అందులో. జాక్‌హామర్ మోసుకుని తిరగక్కర్లేదు, దాని చప్పుడు ఫ్లాపీలో పెట్టుకుని తిరగొచ్చు. అలా అయ్యాకే ఇది పాటలోకి వచ్చింది.

మధ్యలో డెపెష్ మోడ్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ ఉంది, వాళ్ళనీ దాటేయకండి. అందులోని మార్టిన్ గోర్ నోయ్‌బౌటెన్ కచేరీ చూసి వచ్చాకే 1983లో 'కన్‌స్ట్రక్షన్ టైమ్ అగైన్'లో ఇనప చప్పుళ్ళు పాప్ పాటల్లోకి దిగాయి. వాళ్ళ 'వయొలేటర్'కి పనిచేసిన ఫ్లడ్ అనే ప్రొడ్యూసరే రెజ్నర్ మొదటి రికార్డులోనూ, 'డౌన్‌వర్డ్ స్పైరల్'లోనూ ఉన్నాడు.

#6 సందేహాలసంచి · ఆదివారం, మధ్యాహ్నం 12:10

లక్ష్మి అక్కా, సాంప్లర్ అంటే రికార్డు చేసి మళ్ళీ మోగించడమే కదా? మరి చప్పుడు చప్పుడులానే ఉండాలి. డ్రమ్ ఎలా అవుతుంది?

#7 లూప్‌లక్ష్మి · ఆదివారం, మధ్యాహ్నం 3:45

మంచి ప్రశ్న. నేను సినిమా సౌండ్ పనిలో ఉన్నాను కాబట్టి చేసి చూపించిందే చెప్తాను.

పోయిన వేసవిలో విజయవాడ వెళ్ళినప్పుడు ఆటోనగర్‌లో మా మేనమామ టింకరింగ్ షెడ్‌కి రికార్డర్ పట్టుకెళ్ళాను. లారీ డోరు రేకు ఒకటి బల్ల మీద పెట్టి కొట్టమన్నాను. చెక్క సుత్తితో ఒకసారి, ఇనప సుత్తితో ఒకసారి. మామయ్య "దీనికి డబ్బులిస్తారా మీకు?" అన్నాడు.

ఉన్నదున్నట్టు వింటే ఆ దెబ్బ 'ఠంగ్‌ంగ్‌ంగ్' అని చెవిలో గుచ్చుకుంటుంది. దాన్ని సాంప్లర్‌లో ఒక ఆక్టేవ్ కిందికి దించాను. దించితే రెండు జరుగుతాయి. శృతి సగానికి పడుతుంది, నిడివి రెట్టింపవుతుంది. డోరు రేకు కాస్తా గుడి గంటంత పెద్ద వస్తువైపోతుంది. ఇంకో ఆక్టేవ్ దించితే ఓడ పక్క గోడ. ఇప్పుడు ఆ మోగే తోకని గేట్‌తో (చప్పుడు తగ్గగానే తలుపు మూసేసే ఎఫెక్ట్) టక్కున కోసేయాలి. 'ఠంగ్‌ంగ్‌ంగ్' కాస్తా 'దుమ్' అయింది. దాని కింద కనపడకుండా 50 హెర్ట్జ్ దగ్గర ఒక మామూలు బేస్ నోట్ పరిచి, రెండూ కలిపి డిస్టార్షన్‌లోకి తోస్తే రెండు చప్పుళ్ళూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అంతే. కిక్, అంటే డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ దెబ్బ, తయారు.

గమనించాల్సింది ఏంటంటే, బరువు దెబ్బలో లేదు. కోసేశాక మిగిలిన నిశ్శబ్దంలో ఉంది. మామయ్యకి వినిపిస్తే "ఇది మా రేకు కాదు" అన్నాడు. మళ్ళీ వినిపిస్తే "కాదు కానీ బాగుంది" అన్నాడు.

ఇప్పుడు 'క్లోజర్' పెట్టి మొదటి పది సెకన్లు వినండి. ఆ కిక్ రెజ్నర్ సొంతంగా వాయించింది కాదు. ఇగీ పాప్ 1977 'నైట్‌క్లబ్బింగ్' పాటలోని డ్రమ్ మెషీన్ దెబ్బని తీసుకుని వంచిన సాంపిల్. తెలిసిన చెవికి ఇట్టే పట్టుబడుతుంది. 'స్పైరల్'లో గిటార్లు కూడా చాలాచోట్ల యాంప్ ముందు మైక్ పెట్టి తీసినవి కావు. నేరుగా మిక్సింగ్ బోర్డులోకి పంపి, టర్బోసింత్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో నమిలి వదిలినవి. అందుకే అవి గిటార్లలా కాక కరెంటు షాక్‌లా ఉంటాయి.

#8 క్లీవ్‌లాండ్‌బాబాయ్ · ఆదివారం, రాత్రి 9:20

ఇక్కడ ఒహాయోలో పొద్దున. మా ఊరి పేరు ఎత్తకుండా ఇంతసేపు మాట్లాడారు, ఓర్చుకున్నాను.

రెజ్నర్ పెన్సిల్వేనియాలో మెర్సర్ అనే చిన్న ఊరి వాడు. పియానో నేర్చుకున్న పిల్లాడు. క్లీవ్‌లాండ్ వచ్చి రైట్ ట్రాక్ అనే స్టూడియోలో చేరాడు. అసిస్టెంట్ ఇంజనీరూ తనే, ఊడ్చి తుడిచే పనీ తనదే. ఎవరూ బుక్ చేసుకోని వేళల్లో తన డెమోలు చేసుకోవడానికి యజమాని ఒప్పుకున్నాడు. అనుకున్నట్టు వాయించే బ్యాండ్ దొరక్క చాలావరకు అన్నీ తనే వాయించుకున్నాడు. ఆ 1988 డెమోలే మరుసటి ఏడు అక్టోబరులో టీవీటీ లేబుల్ మీద 'ప్రెటీ హేట్ మెషీన్' అయ్యాయి. మన భాషలో చెప్పాలంటే హోటల్లో గిన్నెలు కడిగే కుర్రాడు షట్టర్ దించాక అదే పొయ్యి మీద సొంత కూర వండుకోవడం.

ఇంకో మాట. ఇదే ఊళ్ళో 1978 నుంచి ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో పొద్దున పంచరత్నాలు వినడానికి వెళ్ళి, సాయంత్రం కార్లో 'హెడ్ లైక్ ఎ హోల్' పెట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. మా ఆవిడ రెండో దానికి మాత్రం చెవులు మూసుకునేది. "నిధి చాల సుఖమా" అని ఆయన అడిగితే, డబ్బునే దేవుడిలా కొలిచేవాడి మీద అరిచాడు ఈయన. అని నేనంటే ఆవిడ నవ్వి ఊరుకునేది. ఈ పోలిక మీద కొట్లాడకండి, సరదాకి అన్నాను.

#9 తుప్పురేకు · ఆదివారం, రాత్రి 10:02

బాబాయ్ గారూ, ఆ పోలికకి మాత్రం దండం :)

లక్ష్మి గారి క్రిస్టఫర్సన్ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. కానీ నా బాధ వేరే. ఇండస్ట్రియల్‌ని రాక్ వైపు మళ్ళించిన పేరంతా రెజ్నర్‌కి వెళ్ళిపోయింది. అతనికంటే ముందు షికాగోలో వాక్స్ ట్రాక్స్ అనే రికార్డుల షాపు ఉంది. జిమ్ నాష్, డానీ ఫ్లెషర్ అనే ఇద్దరు నడిపారు. యూరప్ నుంచి రికార్డులు తెప్పించి అమ్మేవాళ్ళు, తర్వాత అదే లేబుల్ అయింది. మినిస్ట్రీ అనే బ్యాండ్ అక్కడి పంటే. దాన్ని నడిపే అల్ జోర్గెన్సన్ 1983లో 'విత్ సింపతీ' అని మెత్తటి సింత్ పాప్ చేశాడు, జీవితాంతం దాన్ని తిట్టుకున్నాడు. 1986లో లండన్ నుంచి ఏడ్రియన్ షెర్వుడ్ చెయ్యి వేస్తే 'ట్విచ్' వచ్చింది. 1988 రికార్డులో మొదటి పాట 'స్టిగ్మటా'. గిటార్ రిఫ్‌ని కూడా సాంప్లర్‌లో లూప్ చేసి, మనిషి చెయ్యి వణుకు లేకుండా చేస్తే ఎలా ఉంటుందో అక్కడ వినాలి. రెజ్నర్ కంటే ఏడాది ముందు.

వాంకూవర్ బ్యాండ్ స్కిన్నీ పపీ కూడా అంతే. 'డౌన్ ఇన్ ఇట్' పాటకి వాళ్ళ 'డిగ్ ఇట్' ఆధారమని రెజ్నరే ఒప్పుకున్నాడు.

తమాషా ఏమిటంటే 1992లో వాక్స్ ట్రాక్స్ దివాలా తీస్తే కొన్నది ఎవరనుకున్నారు? టీవీటీ.

#10 కాసెట్‌కాలం · ఆదివారం, రాత్రి 10:30

'డౌన్ ఇన్ ఇట్' అనగానే గుర్తొచ్చింది. ఆ వీడియో షికాగోలో తీస్తూ, పై నుంచి షాట్ కోసం కెమెరాకి బెలూన్లు కట్టారు. తాడు తెగి కెమెరా ఎగిరిపోయింది! మిషిగన్‌లో ఒక రైతు పొలంలో పడింది. ఆయన పోలీసులకిచ్చాడు. చూస్తే నేల మీద చచ్చి పడున్న మనిషి, చుట్టూ ఎవరెవరో. ఎఫ్‌బీఐ దాకా వెళ్ళింది కేసు. చివరికి ఆ శవం రెజ్నరేనని, హాయిగా పాటలు పాడుకుంటోందని తేలింది.

#11 రోలింగ్‌షిఫ్ట్ · సోమవారం, తెల్లవారుజామున 5:50

అందరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట.

మా నాన్న ఇరవై ఆరేళ్ళు ఒక రోలింగ్ మిల్లులో చేశారు. పేరు వద్దు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి టీవీ సౌండు ఎంత పెట్టినా "వినపడట్లేదు, పెంచు" అనేవారు. రిటైరయ్యేసరికి కుడి చెవి దాదాపు పోయింది. నేను ఇంజనీరింగ్‌లో ఈ సంగీతం మొదటిసారి పెట్టినప్పుడు ఆయన గది గుమ్మంలో నిలబడి కాసేపు విని, "దీన్ని ఎవరైనా కావాలని వింటారా?" అని అడిగారు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని.

అప్పటి నుంచి "ఫ్యాక్టరీ సౌందర్యం" అని ఎవరైనా రాస్తే నాకు కొంచెం మండుతుంది. వీళ్ళలో మిల్లులో పనిచేసినవాళ్ళు ఎంతమంది?

#12 లూప్‌లక్ష్మి · సోమవారం, ఉదయం 9:15

చాలా తక్కువమంది. దాచడానికేం లేదు. త్రాబింగ్ గ్రిజిల్ వచ్చింది ఆర్ట్ ప్రదర్శనల నుంచి. క్రిస్టఫర్సన్ అసలు ఉద్యోగం హిప్నోసిస్ అనే డిజైన్ సంస్థలో ఆల్బమ్ అట్టలు డిజైన్ చేయడం. షెఫీల్డ్‌లో కాబరే వోల్టేర్ వాళ్ళు మాత్రం ఉక్కు ఊరి పిల్లలు. ఆ ఊరి సంగీతకారులు చాలామంది రాత్రి పడుకుంటే దూరంగా ఫోర్జింగ్ సుత్తుల చప్పుడు వినిపించేదని చెప్పుకున్నారు. అయితే అది కూడా మంచం మీద నుంచి విన్నదే, షాప్ ఫ్లోర్ మీద నుంచి కాదు.

మీ నాన్నగారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒక తేడా మాత్రం చెప్పగలను. మిల్లులో చప్పుడు ఆపే స్విచ్ ఆయన చేతిలో లేదు. ఇక్కడ ఉంది. నా ఉద్యోగంలో కూడా రోజుకి ఎనిమిది గంటలు ఎవరో కోరిన చప్పుడు వింటాను, ఇంటికొచ్చి నేను కోరిన చప్పుడు వింటాను. రెండూ ఒకటి కాదు.

(అందరూ వాల్యూమ్ తగ్గించి వినండి బాబూ. ఇది నిజంగానే చెప్తున్నా.)

#13 రోలింగ్‌షిఫ్ట్ · సోమవారం, ఉదయం 9:40

ఆ స్విచ్ మాట బాగుంది. నాన్నకి చెప్తాను, గట్టిగా.

#14 కాసెట్‌కాలం · సోమవారం, సాయంత్రం 6:30

సరే, తమ్ముడి ప్రశ్నకి వద్దాం. 1989, 2010 తేడా. రీమాస్టర్‌లో అడుగు స్వరాలు నిండుగా ఉన్నాయి, మొత్తం మీద గట్టిగా ఉంది. క్వీన్ పాట 'గెట్ డౌన్ మేక్ లవ్' కూడా చివర్లో చేర్చారు. మొదటిసారికి అదే విను. పాతది సన్నగా, పొడిగా ఉంటుంది. నాకు ఆ పొడితనమే ఇష్టం కానీ అది అలవాటు వల్ల వచ్చిన ఇష్టం, లెక్కలోకి తీసుకోవద్దు.

'బ్రోకెన్' (1992) మాత్రం తప్పకుండా వినాలి. టీవీటీతో గొడవపడి, వాళ్ళకి తెలియకుండా వేరే పేర్లతో స్టూడియోలు పట్టుకుని రికార్డు చేసుకున్నాడు. ఆ కోపమంతా గిటార్లలో ఉంది. ఆరు పాటలు. అందులో 'విష్'కి మెటల్ విభాగంలో గ్రామీ వచ్చింది.

దాని సీడీ కథ చెప్పాలి. 1990ల చివర్లో మా కజిన్ అమెరికా నుంచి తెచ్చిచ్చాడు. ఆరో పాట అయిపోయింది. నేను లేచి స్నానానికి వెళ్ళా. బాత్రూంలో ఉండగా హాల్లో ఉన్నట్టుండి మోత. ఇంట్లో నేనొక్కణ్ణే. తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొస్తే సీడీ ప్లేయర్ మీద 98 అని చూపిస్తోంది! సంగతేంటంటే 7 నుంచి 97 దాకా ఒక్కో సెకను మౌనం, తొంభై ఒక్క ఖాళీ ట్రాకులు. 98, 99లో రెండు పాటలు దాచాడు. తర్వాత ఎన్నోసార్లు ఆ నంబర్లు 7, 8, 9 అని టకటకా మారడం చూడ్డానికే కూర్చున్నాను. స్ట్రీమింగ్‌లో వింటే ఈ ఆట ఉండదు.

#15 తుప్పురేకు · సోమవారం, రాత్రి 8:10

'బ్రోకెన్' నాకూ ఇష్టమే. అది ఒక్కటే బయటికి చెప్తాను.

#16 సందేహాలసంచి · గురువారం, రాత్రి 11:55

వచ్చాను. మూడు రాత్రుల్లో 'డౌన్‌వర్డ్ స్పైరల్' మూడుసార్లు విన్నాను.

మొదటిసారి మధ్యలో ఆపేశాను, నిజం చెప్తున్నా. రెండోసారి 'పిగీ' దగ్గర ఆగిపోయాను. పాటంతా బుద్ధిగా, మెల్లగా నడుస్తూ, చివర్లో డ్రమ్స్ ఏదో తాగి తూలుతున్నట్టు తాళం వదిలేసి వెళ్ళిపోతాయి. అది కావాలనే అలా చేశారా?

ఇంకొకటి, 'హర్ట్' వెనకాల మొత్తం గాలి చప్పుడు ఉంది. నా ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయా?

#17 లూప్‌లక్ష్మి · శుక్రవారం, ఉదయం 8:05

పాడవలేదు. ఆ హిస్ పాటలో భాగమే. పాట పొడుగునా వెనక ఉండి, చివర్లో గిటార్ ఒక్క దెబ్బతో పగిలాక అది ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్క గాలి చప్పుడుతో రికార్డు ఆరిపోతుంది. ఎడిటింగ్‌లో మేం రోజూ హిస్ తీసేయడానికి జీతం తీసుకుంటాం. అతను అట్టే పెట్టాడు.

'పిగీ' డ్రమ్స్ ఇంకా బాగుంటుంది కథ. ఆ రికార్డులో రెజ్నర్ తనే కూర్చుని డ్రమ్స్ వాయించింది అక్కడొక్కచోటే. మైకులు సరిగా పెట్టామా లేదా అని పరీక్షిస్తూ వాయించాడు. విని, నచ్చి, అదే ఉంచేశాడు. మిగతా రికార్డు చాలావరకు కంప్యూటర్ గ్రిడ్ మీద కొలిచి కోసిన మెషీన్ తాళం కాబట్టి, ఒక్కచోట మనిషి చెయ్యి జారితే అంత గట్టిగా తెలిసింది మీకు.

#18 క్లీవ్‌లాండ్‌బాబాయ్ · శుక్రవారం, రాత్రి 8:40

'హర్ట్' వచ్చింది కాబట్టి, దాన్ని మళ్ళీ పాడిన కంట్రీ గాయకుడు జానీ క్యాష్. 2002లో ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ చేయించాడు. హిస్ లేదు, సింత్ లేదు, గిటారూ పియానో, వణికే ముసలి గొంతూ. ముళ్ళ కిరీటం మాట తప్ప పదాలు దాదాపు అవే. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు రాసినప్పుడు అది తన మీద తనకున్న అసహ్యం. డెబ్భై ఏళ్ళాయన పాడితే లెక్కలు చూసుకుంటున్నట్టు ఉంది. మరుసటి ఏడు సెప్టెంబరులో క్యాష్ పోయారు. వీడియో చూశాక ఆ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నర్ అన్నాడు.

తుప్పురేకు గారిని అడుగుతున్నాను: గ్రిజిల్ పాటని అలా వేరే ఇంట్లో పెంచుకోవడానికి ఇవ్వగలమా?

#19 తుప్పురేకు · శుక్రవారం, రాత్రి 9:30

ఇవ్వలేం. ఇవ్వకూడదనే చేశారు వాళ్ళు. అదే నేను మొదటి నుంచీ చెప్తున్నది!

కానీ మీ దారిలోనే ఇంకోటి చెప్తాను. రెజ్నర్ వల్ల వచ్చిన అసలు నష్టం అతను కాదు, అతన్ని చూసి పుట్టినవాళ్ళు. 1995 తర్వాత ప్రతి కంపెనీకీ ఒక నల్ల చొక్కా బ్యాండ్ కావాల్సి వచ్చింది. గిటార్ పక్కన ఒక లూప్, గొంతు మీద డిస్టార్షన్, అయిపోయింది. అంతకు చాలా ముందే బర్మింగ్‌హామ్‌లో గాడ్‌ఫ్లెష్ అని ఇద్దరు మనుషులు, ఒక డ్రమ్ మెషీన్. వాళ్ళ 'స్ట్రీట్‌క్లీనర్' కూడా 1989దే. రోలింగ్‌షిఫ్ట్ గారూ, మీరు ఒక్కసారి అది వినండి. అందులో ఫ్యాక్టరీ అందంగా ఉండదు. బరువుగా, విసుగ్గా ఉంటుంది, షిఫ్ట్ అయిపోనట్టు.

#20 కాసెట్‌కాలం · శుక్రవారం, రాత్రి 10:15

'ది ఫ్రజైల్' (1999) సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఐదేళ్ళు పట్టింది. న్యూ ఆర్లీన్స్‌లో ఒకప్పుడు శవాల్ని సిద్ధం చేసే ఫ్యూనరల్ హోమ్‌ని కొని స్టూడియో చేసుకున్నాడు. 23 పాటలు, రెండు డిస్కులు. ఏది ముందు ఏది వెనక పెట్టాలో తేలక పింక్ ఫ్లాయిడ్ 'ది వాల్' చేసిన బాబ్ ఎజ్రిన్‌ని పిలిపించుకున్నారు. మొదటి వారం అమెరికాలో నంబర్ వన్, రెండో వారం పదహారు. నాకు మాత్రం అదే అతని గొప్ప పని. మొదటి డిస్కులో పియానో ఒక్కటే ఉండే చోట్లు చూస్తే, తర్వాత సినిమాలకి సంగీతం ఎందుకు చేశాడో తెలుస్తుంది.

#21 క్లీవ్‌లాండ్‌బాబాయ్ · శనివారం, ఉదయం 6:55

ఔను. 'ది సోషల్ నెట్‌వర్క్'కి అట్టికస్ రాస్‌తో కలిసి ఆస్కార్, ఆ తర్వాత 'సోల్'కి ఇంకోటి. కానీ ఆ దారి 2008 'గోస్ట్స్'తోనే తెరుచుకుంది. మాటల్లేని 36 ముక్కలు. లేబుల్ లేదు. మొదటి తొమ్మిది ఉచితం, మొత్తం డౌన్‌లోడ్ 5 డాలర్లు, సంతకం చేసిన పెద్ద పెట్టె 300. ఆ పెట్టెలు 2,500, రోజుల్లోనే అయిపోయాయి. లెక్క వేసుకోండి, ఏడున్నర లక్షల డాలర్లు! పైగా డబ్బు చేసుకోకపోతే ఎవరైనా వాడుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెట్టాడు.

పదేళ్ళకి నెదర్లాండ్స్‌లో యంగ్‌కియో అనే కుర్రాడు అందులో 34వ ముక్కని తీసుకుని బీట్ చేశాడు. దాని మీద లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' పాడాడు. 2019లో 19 వారాలు నంబర్ వన్. ఆ లైసెన్స్ ఇక్కడ పనికిరాలేదు లెండి, అమ్మిన పాటకి విడిగా అనుమతి కావాలి. రెజ్నర్, రాస్ పేర్లు రచయితల్లో చేరాయి. తమ్ముడు మొదలుపెట్టిన చోటికి వచ్చాం.

#22 సందేహాలసంచి · శనివారం, ఉదయం 10:20

రూమ్మేట్‌కి ఈ దారం మొత్తం చదివించాను. ఇప్పుడు వాడు స్కిన్నీ పపీ వింటూ "రెజ్నర్ కాపీ కొట్టాడు" అంటున్నాడు. తుప్పురేకు గారూ, మీ పార్టీలో చేరాడు.

నా తర్వాతి వరుస: 'బ్రోకెన్', 'ఫ్రజైల్', 'స్ట్రీట్‌క్లీనర్'. లక్ష్మి అక్కా, ఆ ఆటోనగర్ కిక్ మాకూ వినిపించవా?

#23 లూప్‌లక్ష్మి · శనివారం, మధ్యాహ్నం 1:00

పెట్టాను, పదహారు సెకన్ల లూప్. మొదటి నాలుగు సెకన్లు ఉన్నదున్నట్టు రేకు, తర్వాత ఒక ఆక్టేవ్ కింద, తర్వాత రెండు, చివర అన్నీ కలిపి. వాల్యూమ్ సగంలో పెట్టి మొదలుపెట్టండి.

#24 రోలింగ్‌షిఫ్ట్ · శనివారం, సాయంత్రం 4:25

విన్నాను. నాన్నకి ఎడమ చెవి వైపు ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించాను. మొదటి దెబ్బకే "పల్చటి రేకు, ఇరవై గేజి ఉంటుంది" అన్నారు. రెండో ముక్కకి ఏమీ అనలేదు. చివరిది మళ్ళీ పెట్టమన్నారు.

#25 లూప్‌లక్ష్మి · శనివారం, సాయంత్రం 4:40

ఆగండి, మామయ్యని అడుగుతా.

#26 లూప్‌లక్ష్మి · శనివారం, సాయంత్రం 5:10

ఇరవై గేజే.

#27 కాసెట్‌కాలం · శనివారం, సాయంత్రం 5:35

అది సరే, మూడో సెకనులో వెనక "టీ తెచ్చారా" అని ఎవరో అరుస్తున్నారు. అది తీసేయకండి.